ముందు ముద్ద, తరువాత గుక్క

(స్వర్ణోత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ ఉత్సవాల్లో ఎవరి వృత్తి గురించి వాళ్ళు కాసేపు మాట్లాడాలని కమిటీ వారు నిర్ణయించారు. పొద్దున్న గుండె డాక్టరు గారు మాట్లాడారు. ఆయన తరువాత వంతెనలు కట్టే తమ్ముడు మాట్లాడాడు. నా వంతు వచ్చేసరికి కమిటీకి చిన్న చిక్కు వచ్చిపడింది. నేను ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నది బీరు తయారీ. స్కూలు వేదిక మీద బీరు గురించి మాట్లాడిస్తే బాగుంటుందా అని రెండు మీటింగులు నడిచాయట. చివరికి ఒక మాస్టారే, ‘వాడు చేసే పని గురించి వాడు చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు, పిల్లలు లేని సభలో చెప్పించండి’ అన్నారట. అందుకే పిల్లల కార్యక్రమం మధ్యాహ్నమే ముగించి, ఈ సభను ఊళ్ళోని ఫంక్షన్ హాల్లో పెట్టారు. ఆ మాస్టారు ఎవరో నాకు చెప్పలేదు. ఎవరైనా సరే, వారికి నా దండం.

అసలు విషయంలోకి వెళ్ళేముందు ఒక మాట. మన తెలుగు నేల మీద మందు గురించి మాట్లాడేవాడు 1992ను మరిచిపోకూడదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళే రోశమ్మ ముందుండగా సారా దుకాణం మూయించారు. అక్కడ మొదలైన ఉద్యమంతో 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో సడలించారు, అది వేరే కథ. చదువు చెప్పినవాళ్ళు, చదువుకున్నవాళ్ళు కలిసి సాధించిన పని అది. నేను చేసే ఉద్యోగం అటుపక్కది. ఆ సంగతి తెలిసే మాట్లాడుతున్నాను. ఎవరినీ తాగమని చెప్పడానికి రాలేదు. తాగనివాళ్ళు తాగకండి, మీరు పోగొట్టుకుంటున్నది ఏమీ లేదు. తాగేవాళ్ళు ఎలా తాగుతున్నారన్నదే నా బెంగ.

ఎలా తాగుతున్నామో మనందరికీ తెలుసు. మా బ్యాచ్ వాళ్ళం ఏటా కలుస్తాం. సాయంత్రం ఆరున్నరకు సీసాలు తెరుచుకుంటాయి. టేబులు మీద ‘స్టఫ్’ ఉంటుంది. అంటే వేయించిన పల్లీలు, కారప్పూస, మిక్చరు, ఉల్లిపాయ ముక్కలు. బిర్యానీ మూత వేసుకుని పక్కన ఎదురుచూస్తూ ఉంటుంది. ‘అప్పుడే అన్నమేంటిరా’ అని ఒకడంటాడు. రాత్రి పదకొండు గంటలకు మూత తీస్తే అది చల్లారిపోయి నెయ్యి పేరుకుని ఉంటుంది. సగం మంది తినరు, తిన్నవాళ్ళకు రుచి తెలియదు. ఆ తరువాత ఎవరి బండి వాళ్ళు తీస్తారు. యాభై దాటినవాళ్ళం, సగం మంది షుగరుకో బీపీకో మాత్రలు వేసుకునేవాళ్ళం. పొద్దున్న డాక్టరు గారు చెప్పినవి విని తలలూపాం కదా, ఆ తలలే ఇవి.

నేను బీరు తయారుచేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. బీరు భోజనానికి ముందు కొట్టుకునే టోకెను కాదు. అది పుట్టిన దేశాల్లో పళ్ళెం పక్కనే ఉంటుంది. పళ్ళెం నుంచి విడదీస్తే దాని రుచీ పోతుంది, మన ఒళ్ళూ పోతుంది.

ముందు సీసా లెక్క చూద్దాం. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, తప్పుంటే ఆపండి. మన దేశంలో ఎక్కువగా అమ్ముడుపోయేది స్ట్రాంగ్ బీరు. చట్టప్రకారం అందులో ఆల్కహాలు 5 శాతం పైన, 8 శాతం దాకా ఉండవచ్చు. పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. 8 శాతం చొప్పున వేస్తే అందులో 52 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాలు ఉంది. విస్కీ 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు అంటే 25.7. రెండు పెగ్గులు 51.4. అంటే ఒక స్ట్రాంగ్ సీసా రెండు పెద్ద పెగ్గుల కంటే కొంచెం ఎక్కువే. ‘నేను హాట్ ముట్టనురా, బీరు మాత్రమే’ అని గర్వంగా చెప్పి మూడు సీసాలు తాగేవాడు ఆరు పెద్ద పెగ్గులు తాగాడు. పైగా ఆ 52 మిల్లీలీటర్లు బరువులో 41 గ్రాములు. మన కాలేయం గంటకు ఇంచుమించు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే వదిలించుకోగలదు. ఒక్క సీసాకు నాలుగు నుంచి ఆరు గంటలు. మూడింటికి ఎంతో మీరే వేసుకోండి. మర్నాడు పొద్దున్న బండి నడిపేటప్పుడు కూడా ఆ లెక్క పూర్తయి ఉండదు. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మాత్రమే.

ఇప్పుడు సీసా లోపలికి వెళ్దాం. బీరంటే బార్లీ గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి మాల్టు చేస్తారు. మనం రాగులు మొలకలు కట్టి అంబలికి పిండి కొట్టుకున్నట్టే. ఆ మాల్టును వేడినీళ్ళలో నానబెడితే పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్ళను హాప్స్ అనే చేదు పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టు వేస్తారు. ఈస్టు చక్కెర తిని ఆల్కహాలునూ కార్బన్ డయాక్సైడునూ ఇస్తుంది. మన సీసా బీర్లలో బార్లీతో పాటు బియ్యం, చక్కెర కూడా పడతాయి. అందుకే అవి అంత పల్చగా, తేలిగ్గా ఉంటాయి. రంగు తక్కువ, చేదు తక్కువ, మరీ చల్లగా ఉంటే రుచీ తక్కువే. వైన్ షాపుకు వెళ్ళి ‘ఫుల్ చిల్డ్’ అని అడుగుతాం. మంచులా ఉన్నదాన్ని నాలుక రుచి చూడలేదు. మొద్దుబారుతుంది. స్ట్రాంగ్ బీరును అంత చల్లగా అడగడానికి కారణం కూడా అదేనని నా అనుమానం. కాస్త వేడెక్కితే దాని ఘాటు ఎవరూ భరించలేరు. లాగరు బీరు 5 నుంచి 7 డిగ్రీల దగ్గర ఉంటే చాలు.

తిండి పక్కన బీరు చేసే పని ముఖ్యంగా దాని పొంగులో ఉంది. మన ల్యాబులో సున్నపుతేట ఉన్న గాజుగొట్టంలో మాస్టారు ఊదించేవారు, గుర్తుందా? తెల్లగా పాలలా మారేది. ఆ వాయువే ఇది. నాలుక మీద ఒక ఎంజైము ఉంటుంది, అది ఈ వాయువును నీటితో కలిపి కార్బానిక్ ఆమ్లంగా మారుస్తుంది. మనకు చురుక్కుమనేది ఆ ఆమ్లమే, బుడగలు పగలడం వల్ల కాదు. దీనికి తమాషా సాక్ష్యం ఉంది. ఎత్తైన కొండలెక్కేవాళ్ళు ఎసిటజోలమైడ్ అనే మాత్ర వేసుకుంటారు. అది ఆ ఎంజైమును ఆపేస్తుంది. ఆ మాత్ర వేసుకున్నవాళ్ళకు బీరు, షాంపేను చప్పగా, కుళాయి నీళ్ళలా అనిపిస్తాయి. బుడగలు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి.

ఆ చురుకు, హాప్స్ చేదు కలిసి నోట్లో అంటుకున్న నూనెను, కొవ్వును కడుగుతాయి. అప్పడమో, చేప వేపుడో తిన్నాక నోరు జిడ్డుగా ఉంటుంది. ఒక గుక్క పడితే నోరు మళ్ళీ మొదటి ముద్దకు సిద్ధమవుతుంది. పంది మాంసం, కుడుములు, ఊరబెట్టిన క్యాబేజీ తినే చెక్ దేశంలో, పిల్సెన్ ఊళ్ళో, 1842లో జోసెఫ్ గ్రోల్ అనే బవేరియా పనివాడు మొదటి బంగారు రంగు లాగరు కాచాడు. ఇప్పుడు మన సీసాల్లో ఉన్నవన్నీ దానికి దూరపు చుట్టాలే. కానీ పిల్సెన్‌లో ఆ చేదు కావాలని ఉంచుకున్నారు, ఎందుకంటే పళ్ళెంలో కొవ్వు ఉంది. మన దగ్గరికి వచ్చేసరికి పళ్ళేన్ని తీసేసి, చేదునూ తీసేసి, ఆల్కహాలును పెంచాం.

ఇక కారం. ఇది మన సొంత సమస్య. దీని మీద జర్మనీ పుస్తకాల్లో దొరికేది తక్కువ. చాలామంది నమ్మకం ఏమిటంటే కారానికి బీరు విరుగుడు అని. కారం తగిలిన వెంటనే చల్లటి గుక్క పడితే ఒక్క క్షణం హాయిగానే ఉంటుంది. ఆ హాయి చల్లదనానిదే. మిరపలోని కాప్సాయిసిన్ నీళ్ళలో కరగదు. ఆల్కహాలులో కరుగుతుంది కానీ 5 శాతం ఆల్కహాలు దానికి ఏ మూలకూ చాలదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మన నాలుక మీద వేడిని పసిగట్టే నాడీ గ్రాహకం ఒకటి ఉంది. మిరపకాయ తింటే ‘కాలుతోంది’ అనిపించేది దాని వల్లే. మామూలుగా అది సుమారు 42 డిగ్రీల వేడికి మేలుకుంటుంది. ఆల్కహాలు తగిలితే 34 డిగ్రీలకే మేలుకుంటుందని 2002లో ఇటలీ శాస్త్రజ్ఞులు చూపించారు. 34 అంటే మన నోటి వేడి కంటే తక్కువ. అంటే ఆల్కహాలు ఎక్కువయ్యేకొద్దీ కారం ఇంకా మండుతుంది. పొంగు చురుకు దానికి తోడు. హాప్స్ చేదు కూడా కారం పక్కన పదునెక్కుతుంది.

అందుకని ఒక ప్రచారం గురించి చెప్పాలి. ఇండియా పేల్ ఏల్ అని బాగా చేదుగా, పరిమళంగా ఉండే బీరు ఉంది. ఈ మధ్య మన హైదరాబాదు మైక్రోబ్రూవరీల్లోనూ పోస్తున్నారు. పేరులో ఇండియా ఉంది కాబట్టి మన మసాలా కూరలకు అదే జోడీ అని అమెరికా వాళ్ళు రాస్తారు. ఆ పేరు లండను, బర్టన్ ఊళ్ళ నుంచి ఓడల్లో ఇక్కడి తెల్లదొరలకు పంపిన బీరు వల్ల వచ్చింది. మన వంటింటికీ దానికీ సంబంధం లేదు. గుంటూరు కోడి వేపుడు పక్కన దాన్ని పెట్టుకుంటే చేదు, కారం ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. అది బాగుందనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ నాలుక వాళ్ళది. నా మాట అడిగితే కారానికి ఆల్కహాలు తక్కువగా, చేదు తక్కువగా, కాస్త మాల్టు తీపి ఉన్న బీరు కావాలి. స్ట్రాంగ్ సీసాకు కారం వేపుడు నంజుకోవడం అన్నిటికంటే చెడ్డ జత. మన ఊళ్ళలో ఎక్కువగా నడిచేది సరిగ్గా అదే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కంపెనీ నన్ను శిక్షణకు మ్యూనిక్ పంపింది. అక్కడ గోధుమ బీరు తాగుతారు. దాని ఈస్టు వల్ల అరటిపండు వాసన, లవంగం వాసన వస్తాయి. అరటిపండు గానీ లవంగం గానీ ఎవరూ వేయరు, అంతా ఈస్టు చలవే. దాన్ని తెల్లటి దూడమాంసం సాసేజీతో, తియ్య ఆవపిండితో, ఉప్పు చల్లిన ప్రెట్జెల్ రొట్టెతో పొద్దున్నే తీసుకుంటారు. మధ్యాహ్నం గంట కొట్టేలోపు ఆ సాసేజీ తినేయాలన్నది అక్కడి ఆచారం. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో నిల్వ ఉండదని పెట్టుకున్నది, ఇప్పటికీ పాటిస్తారు. పొద్దున్నే తాగుతారా అని నేను నోరు తెరిచాను. ఒక గ్లాసు, ఒక పళ్ళెం. అయ్యాక లేచి పనికి పోయారు.

అక్కడ నాకు బాగా నచ్చినవి బీరు తోటలు. వాటి కథ వినదగ్గది. లాగరు బీరు చల్లదనంలో పులియాలి. యంత్రాలు లేని కాలంలో బ్రూవర్లు నది ఒడ్డున నేలమాళిగలు తవ్వి, పైన నీడ కోసం చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఎండాకాలం జనం ఆ చెట్ల కిందకే వచ్చి తాగడం మొదలుపెట్టారు. ఊళ్ళోని పూటకూళ్ళవాళ్ళు, చిన్న బ్రూవర్లు తమ బేరం పోతోందని మొత్తుకున్నారు. 1812లో బవేరియా రాజు మాక్సిమిలియన్ జోసెఫ్ తీర్పు చెప్పాడు. మాళిగల దగ్గర బీరు అమ్ముకోవచ్చు, రొట్టె తప్ప వేరే తిండి అమ్మకూడదు. మరి తిండి లేకుండా బీరు ఎలా? జనం ఇంటి నుంచే క్యారేజీ కట్టుకుని రావడం మొదలుపెట్టారు. రాజు తిండి అమ్మవద్దంటే తాగడం మానలేదు, తిండి మోసుకొచ్చారు. ఇప్పటికీ అక్కడి బీరు తోటల్లో మన తిండి మనం తీసుకెళ్ళి గళ్ళ గుడ్డ పరుచుకుని కూర్చోవచ్చు. ముల్లంగి చక్రాలు, జున్ను, రొట్టె. ముసలమ్మలు, మనవలు, ఆపిల్ రసం తాగే పిల్లలు, అందరూ ఒకే బల్ల దగ్గర. ఇంటివాళ్ళు పక్కన కూర్చున్న బల్ల మీద ఎవరూ వరసగా మూడు గ్లాసులు ఖాళీ చేయరు. బెల్జియంలో ఆల్చిప్పలూ వేయించిన బంగాళాదుంపలూ బీరుతో తింటారు, గొడ్డు మాంసాన్ని బీరులోనే ఉడికిస్తారు. 2016లో యునెస్కో వాళ్ళ బీరు సంస్కృతికి వారసత్వ గుర్తింపు ఇచ్చింది.

వాళ్ళ గొప్ప చెప్పి మనల్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తాగుడు జబ్బు అక్కడా ఉంది. మనకూ ఇలాంటి ఆచారం ఉండేది, ఇంకా అక్కడక్కడ ఉంది. తాటికల్లు గానీ ఈతకల్లు గానీ బీరుకు దగ్గరి చుట్టమే. నాలుగైదు శాతం ఆల్కహాలు, సహజమైన పొంగు, ఈస్టు వాసన. తెల్లవారి దించినప్పుడు తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ తీపి తగ్గి పులుపెక్కుతుంది. ఒకే లొట్టిలో గంటకొక పానీయం అన్నమాట. అది తెలిసిన పెద్దవాళ్ళు పొద్దున్నటి తియ్య కల్లుకు కారంగా వేయించిన ఎండు రొయ్యలు పెట్టుకునేవారు, సాయంత్రపు పుల్ల కల్లుకు బోటి వేపుడో, కొవ్వున్న మాంసమో. కారానికి తీపి, కొవ్వుకు పులుపు. ఏ కాలేజీలో చదివారు వాళ్ళు? కేరళలో కల్లు దుకాణాల్లో కప్ప దుంప, ఎర్రటి చేపల పులుసు ఎంత పేరు పడ్డాయంటే, కల్లు ముట్టనివాళ్ళు కూడా కుటుంబాలతో భోజనానికి వెళతారు. మన దగ్గర కొన్నిచోట్ల కల్లులో మత్తుమందులు కలిపి ఆ పేరంతా చెడగొట్టారు. నిషా కోసమే తాగడం మొదలైతే ఎవరికీ రుచితో పని ఉండదు, కలిపేవాడికి అది బాగా తెలుసు.

సరే, మన వంటల సంగతి. ఇది నేను ముప్ఫై ఏళ్ళు తిని, తాగి, నోట్సు రాసుకున్నది. శాస్త్రం కాదు, నా నాలుక.

హైదరాబాదీ బిర్యానీకి గోధుమ బీరు. బిర్యానీలో లవంగం ఉంది, ఆ బీరులో లవంగం వాసన ఉంది. చేదు లేదు, పొంగు ఎక్కువ, నెయ్యిని కడుగుతుంది. ఇంతకంటే మంచి జత నేను చూడలేదు. హలీమ్‌కు మాల్టు బాగా వేగిన ముదురు రంగు లాగరు. గోధుమ, మాంసం, వేగిన ఉల్లిపాయ. మాల్టు వేగినప్పుడు పుట్టే రుచులూ ఉల్లిపాయ ఎర్రగా వేగినప్పుడు పుట్టే రుచులూ ఒకే రసాయన చర్య నుంచి వస్తాయి. బొగ్గుల మీద కాల్చిన కబాబులకూ అదే. చందువా వేపుడు, పీతలు, రొయ్యలు లాంటి వాటికి తేలికైన మామూలు లాగరు చాలు, కాకపోతే కారం సగం తగ్గించండి. సముద్రపు తీపి తెలియాలి కదా. శాకాహారులకు చెక్కలు, జంతికలు, పకోడీలు, పెసర పునుగులు. నూనెలో వేగిన పిండికి లాగరును మించినది లేదు. గారెలకు కూడా, అల్లం పచ్చడి పక్కన పెట్టకపోతే.

కుదరనివి కూడా చెప్పాలి. ఆవకాయతో ఏ బీరూ నెగ్గలేదు. ఉప్పు, పులుపు, ఆవఘాటు, నూనె అన్నీ ఒకేసారి మీద పడతాయి, బీరు రేకు డబ్బా నాకినట్టు అనిపిస్తుంది. ఆవకాయకు ముద్దపప్పు, నెయ్యి ఉన్నాయి, వాటిని అలాగే ఉండనివ్వండి. గోంగూర మాంసం దగ్గర చాలా ప్రయత్నించాను. గోంగూర పులుపు ముందు బీరు చప్పబడిపోతుంది. చింతపండు పులుసులూ అంతే.

తీపి పదార్థాలతో బీరు అంటే అందరూ నవ్వుతారు. నల్లగా కాఫీలా ఉండే స్టౌట్ బీరు చిన్న గ్లాసు పక్కన నువ్వుల అరిసె పెట్టి చూడండి. బెల్లం ముదురు పాకం రుచి, వేగిన బార్లీ రుచి అన్నదమ్ముల్లా కలుస్తాయి. మా ఇంట్లో సంక్రాంతికి ఇది చేసినప్పుడు మా అత్తగారు, ‘అరిసెలకు పట్టిన దుర్గతి’ అన్నారు. ఆవిడ రుచి చూడలేదు లెండి.

ఇందులో ఏదైనా సరే, ముందు ముద్ద, తరువాత గుక్క. ఈ క్రమానికి రుచి ఒక్కటే కారణం కాదు. ఆల్కహాలు కడుపులో కొంచెమే ఇంకుతుంది. ఎక్కువ భాగం చిన్న పేగులో ఇంకుతుంది. కడుపులో అన్నం, పప్పు, మాంసం ఉంటే కడుపు కింది తలుపు మూసుకుని నెమ్మదిగా వదులుతుంది. ఖాళీ కడుపైతే తలుపు బార్లా తెరిచినట్టే, రక్తంలో ఒక్కసారిగా పైకి లేస్తుంది. తిని తాగినవాడికి ఆ శిఖరం చాలా తక్కువ ఎత్తులో ఉంటుంది. మరి స్టఫ్ తింటున్నాం కదా అంటారు. ఉప్పు పల్లీలు, కారప్పూస దాహం పెంచేవి. బార్లలో అవి ఊరికే ఇచ్చేది మన మీద ప్రేమతో కాదు. అవి తాగించడానికి పెట్టే తిండి. పళ్ళెంలో పెట్టుకునేది తాగడాన్ని ఆపే తిండి. కడుపు నిండితే రెండో సీసా తెరవాలనిపించదు. మా కంపెనీ అమ్మకాల వాళ్ళు ఈ సభలో లేరనే ధైర్యంతో చెబుతున్నాను.

అలాగని తిండితో తాగితే మంచిదని ఎవరూ వినవద్దు. ఆల్కహాలు క్యాన్సరు కారకాల మొదటి వర్గంలో ఉంది. ఇంత తాగితే క్షేమం అనే కొలత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. షుగరు మాత్రలు, ఇన్సులిను వాడేవాళ్ళకు ఖాళీ కడుపు తాగుడు ఇంకా ప్రమాదం. చక్కెర పడిపోతే మత్తు అనుకుని పక్కవాళ్ళు పడుకోబెడతారు. మా బ్యాచ్‌లో మాత్రలు వేసుకునేవాళ్ళంతా ఇప్పుడు నా వైపు చూడటం మానేశారు, అయినా ఇది మీకోసమే. వచ్చే ఏడు మన కలయికకు నా షరతు ఒకటే. ఏడున్నరకు బిర్యానీ మూత తీయాలి. స్ట్రాంగ్ వద్దు, మామూలు బీరు చిన్న సీసా ఒకటి, అదీ పళ్ళెం ముందు. బండ్లు ఇంట్లో పెట్టి రావాలి. ఇంటివాళ్ళను కూడా తీసుకురండి. ఒప్పుకుంటే బీరు నేనే తెస్తాను, లేదంటే బిర్యానీ మాత్రమే తెస్తాను.

ఈ రాత్రి గురువులతో కలిసి చేసే భోజనంలో బీరు లేదు, ఉండకూడదు కూడా. కానీ నేను చెప్పిన రసాయనం అబద్ధమో నిజమో చూసుకోవడానికి బీరు అక్కర్లేదు. కమిటీ తమ్ముళ్ళను బతిమాలి ప్రతి బల్ల మీదా మూడు వస్తువులు పెట్టించాను. వేడి మిరపకాయ బజ్జీలు, గోలీ సోడా, మజ్జిగ. బజ్జీ ఒక కొరుకు కొరికి సోడా తాగండి. నూనె జిడ్డు వెంటనే పోతుంది, కారం మాత్రం ఇంకో మెట్టెక్కుతుంది. అది పొంగు చేసే పని. రెండో కొరుకు తరువాత మజ్జిగ తాగండి. మజ్జిగలో ఉండే కేసిన్ అనే మాంసకృత్తి కాప్సాయిసిన్‌ను పట్టుకుని తీసుకుపోతుంది, మంట దిగుతుంది. తేడా తెలియనివాళ్ళు మూడో కొరుకుకు వెళ్ళవచ్చు, బజ్జీలు సరిపడా ఉన్నాయి. సైన్సు మాస్టారూ, మీరూ చేయాలి, మేం గొట్టంలో ఊదినప్పుడు మీరు పక్కన నిలబడి చూశారు కదా. ప్రశ్నలుంటే బల్లల దగ్గరికే వచ్చి చెబుతాను. ముందు సోడా, తరువాత మజ్జిగ. బజ్జీలు చల్లారుతున్నాయి, కానివ్వండి.